విన్నది రాయడం
(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మా సంగీతం మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలుస్తూ నిర్వాహకులు ఒక్క షరతు పెట్టారు. కచేరీ కబుర్లు, విద్వాంసుల చమత్కారాలు చాలా విన్నాం, ఈసారి నేర్చుకునే పిల్లలకూ నేర్పే టీచర్లకూ పనికొచ్చేదేదైనా చెప్పండి అన్నారు. మాస్టారు వింటే సంతోషించే మాట అది. అందుకని సంగీతం చదువులో అన్నిటికన్నా కింది మెట్టు తీసుకున్నాను. స్వరం రాయడం, రాసిన స్వరాన్ని చదవడం, దానికి ఆధారమైన నాలుగు శాస్త్రం ముక్కలు.

ముందు వరసల్లో పిల్లల ఒళ్ళో సంగీతం పుస్తకాలు కనబడుతున్నాయి. ఆ పుస్తకాలు ఎలా తయారవుతాయో మనందరికీ తెలుసు. టీచరుగారు తన పుస్తకం ఇస్తారు, పిల్ల చూసి ఎక్కించుకుంటుంది. ఈ మధ్య ఆ ఎక్కించుకోవడమూ పోయింది. జిరాక్స్ కాపీ వస్తుంది, లేదంటే వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. డల్లాస్‌లో ఉన్న పిల్లకు ఇక్కడి టీచరు ఆన్‌లైన్‌లో చెబితే పాఠానికి ముందే పీడీఎఫ్ వెళ్ళిపోతుంది. అంటే కాగితం ముందు, పాట తర్వాత. మాస్టారి పద్ధతి దీనికి తలకిందులు. పాట నోటికి వచ్చేదాకా పెన్సిలు ముట్టుకోనిచ్చేవారు కాదు. వచ్చాక మాత్రం, తాను ఒక్క స్వరం కూడా చెప్పకుండా, మమ్మల్నే రాసుకురమ్మనేవారు. ఆ పద్ధతే సరైనదని నా అభిప్రాయం. ఈ రోజు చెప్పబోయేదంతా ఆ అభిప్రాయానికి సమర్థనే అనుకోండి.

సంగీతం నేర్చుకోని పెద్దలు కూడా సభలో ఉన్నారు కాబట్టి, స్వరలిపి అంటే ఏమిటో ముందు చెప్పేస్తాను. మొదటి సరళీ వరసను ఆది తాళంలో ఇలా రాస్తాం:

స రి గ మ | ప ద | ని స̇ ||
స̇ ని ద ప | మ గ | రి స ||

ఒక్కో స్వరానికి ఒక్కో అక్షరకాలం. నిలువు గీతలు తాళంలోని అంగాలకు సరిహద్దులు. లఘువుకు నాలుగు, రెండు ద్రుతాలకు రెండేసి, మొత్తం ఎనిమిది. పై షడ్జానికి నెత్తిన చుక్క పెడతాం, మంద్రస్థాయి స్వరానికి కింద పెడతాం. స్వరం రెండక్షరాలు నిలిస్తే దీర్ఘం ఇచ్చి 'సా' అని రాస్తాం. ఇంకా సాగితే కామా ఒక అక్షరం, సెమికోలన్ రెండక్షరాలు. రెండో కాలమైతే స్వరాల మీద ఒక అడ్డగీత, మూడో కాలమైతే రెండు. తెలుగు చదవడం వచ్చిన పిల్లకు ఇదంతా ఒక పూటలో చెప్పేయవచ్చు.

ఇక ఆ కాగితంలో లేనివేమిటో చూద్దాం. ఏ రిషభం, ఏ గాంధారం అన్నది స్వరాల్లో ఎక్కడా రాసి ఉండదు. పేజీ నెత్తిన 'మాయామాళవగౌళ' అని రాగం పేరు ఉంటుంది, తెలిసినవాడికి అదే చెబుతుంది. ఏ శ్రుతిలో పాడాలన్నదీ ఉండదు. మగవాళ్ళు ఒకటి శ్రుతిలో పాడినా, ఆడపిల్లలు అయిదున్నరలో పాడినా అదే కాగితం. పాశ్చాత్యుల స్టాఫ్ నొటేషన్‌లో గీత మీది చుక్క ఫలానా ఎత్తు అని తేల్చి చెబుతుంది. మనది షడ్జంతో స్వరానికున్న సంబంధాన్ని మాత్రమే చెబుతుంది. దీన్ని లోపమనేవాళ్ళున్నారు. నేననను. షడ్జం ఎవరి గొంతులో వాళ్ళది అయినప్పుడు, దాన్ని కాగితం మీద కట్టిపడేయడం అనవసరం.

అసలు లోపం వేరేచోట ఉంది. జంట వరసలు తీసుకోండి. స స రి రి గ గ మ మ. కాగితం మీద రెండు రిషభాలకూ తేడా లేదు. పాడేటప్పుడు ఉంది. రెండోదాన్ని కింది స్వరం తాకి, కాస్త ఒత్తి పలకాలి. రెండో రిషభంలో షడ్జం, రెండో గాంధారంలో రిషభం లీలగా వినిపించాలి. వయొలిన్ మీదైతే రెండో స్వరానికి వేలు చటుక్కున ఎత్తి మళ్ళీ వేస్తాం, ఆ ఎత్తిన క్షణంలో కింది స్వరం పలుకుతుంది. దీని పేరు స్ఫురితం. దిగేటప్పుడు వచ్చే జంటలకు ప్రత్యాహతం. చెప్పేవాళ్ళు లేకుండా కాగితం చూసి పాడే పిల్ల నోట జంట వరసలు టైపు కొట్టినట్టు వస్తాయి. ఇంత చిన్న పాఠంలోనే ఇంత జారిపోతే, కీర్తనలో ఎంత జారిపోతుందో ఆలోచించండి.

స్వరం రాసిపెట్టాలన్న ఆశ మనవాళ్ళకు కొత్తగా పుట్టింది కాదు. తమిళనాట పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలైలో కొండరాతి మీద 7వ శతాబ్దపు శాసనం ఒకటి ఉంది. ఏడు గ్రామరాగాలకు స్వరసముదాయాలు వరసగా చెక్కి ఉన్నాయి. స, రి, గ అని ఊరుకోలేదు. అచ్చులు మార్చి ఒక్కో స్వరాన్ని నాలుగేసి రకాలుగా రాశారు. ఆ అచ్చుల తేడాకు అర్థమేమిటన్న దాని మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రాయి నిలిచింది, చదవడం తెలిసిన శిష్యపరంపర నిలవలేదు.

మన అన్నమయ్య సంగతి మరోలా జరిగింది. 1408 నుంచి 1503 దాకా జీవించిన మనిషి. ఆయన సంకీర్తనలను వంశంవాళ్ళు రాగి రేకుల మీద చెక్కించారు. రేకుల్లో సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. తిరుమల భాండాగారంలో ఎవరికీ పట్టకుండా ఉండిపోయిన ఆ రేకులు ఇరవయ్యో శతాబ్దంలో వెలుగు చూసేనాటికి పాడే సంప్రదాయం చాలావరకు తెగిపోయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తిగారు, ఇంకా కొందరు పెద్దలు కొత్తగా వరసలు కట్టారు. ఇవాళ మనం అన్నమయ్య కీర్తన అని పాడుకునేదాంట్లో మాట అన్నమయ్యది, వరస చాలామటుకు మన తాతల కాలానిది, తండ్రుల కాలానిది. ఆ వరసలు గొప్పవే. కానీ అన్నమయ్య చెవిలో మోగిన ముఖారి ఎలా ఉండేదో తెలుసుకునే దారి మాత్రం లేదు. రాగి మీద మరో వరస స్వరాలు చెక్కించి ఉంటే పూర్తిగా కాకపోయినా కొంత ఆచూకీ దొరికేది.

అచ్చుయంత్రం వచ్చాక స్వరం రాసిపెట్టే పని మొట్టమొదట ఊపందుకున్నది తెలుగు లిపిలోనే. 19వ శతాబ్దంలో వీణ రామానుజయ్యగారు, ఆ తర్వాత చెన్నపట్నంలో తచ్చూరు సింగరాచార్యుల సోదరులు తెలుగులో స్వరపుస్తకాలు అచ్చేశారు. స్వరమంజరి, గాయక పారిజాతం, గాయక లోచనం లాంటి వాళ్ళ పుస్తకాలు దక్షిణదేశమంతా తిరిగాయి. సంగీతం కోసం తెలుగు లిపి నేర్చుకున్న తమిళ విద్వాంసులకు కొదవ లేదు. ఈ సంగతి చెప్పుకుని గర్వపడేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, ఆ పుస్తకాలు తెరిచేవాళ్ళు తక్కువ.

అప్పట్లోనే మద్రాసు సెక్రటేరియట్‌లో ఉద్యోగం చేసే చిన్నస్వామి మొదలియార్ అనే క్రైస్తవుడు మన సంగీతాన్ని స్టాఫ్ నొటేషన్‌లోకి ఎక్కించే పని నెత్తికెత్తుకున్నాడు. 1890ల మొదట్లో 'ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్' అని భాగాలు భాగాలుగా వెలువరించాడు. సొంత డబ్బు పోసి, ఆరోగ్యం పోగొట్టుకుని చేశాడు. చివరికి కంటిచూపు కూడా దెబ్బతింది. ఆయన వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకున్న మనిషి సుబ్బరామ దీక్షితులు.

ఈయన దగ్గర కాసేపు ఆగాలి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. ఆ బాలుస్వామికి కూతురి కొడుకు, దత్తత వల్ల కొడుకు కూడా అయినవాడు సుబ్బరామ దీక్షితులు. పుట్టింది 1839లో. ఎట్టయాపురం ఆస్థాన విద్వాంసుడు. ఇంట్లో తరతరాలుగా దాచుకున్న సొత్తును అచ్చులో పెట్టి ఊరందరికీ పంచమంటే ఏ విద్వాంసుడూ వెంటనే ఒప్పుకోడు, ఆయనా ఒప్పుకోలేదు. మొదలియార్ పట్టుదలకు ఎట్టయాపురం ప్రభువు మాట తోడయ్యాక కూర్చుని రాశాడు. 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఎట్టయాపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో తెలుగులో అచ్చయింది. ముత్తుస్వామి దీక్షితుల కృతులే అందులో రెండు వందలకు పైగా ఉన్నాయి. ఇవి కాక వెంకటమఖి పేర వచ్చిన గీతాలు, వర్ణాలు, తానాలు, రాగాల లక్షణాలు ఉన్నాయి.

ఆ పుస్తకం తెరిచినవాళ్ళకు మొదట కంటికి తగిలేవి స్వరాల నెత్తిన ఉండే గుర్తులు. కంపితం, స్ఫురితం, ప్రత్యాహతం, నొక్కు, రవ, ఖండింపు, వళి, జారు, ఇలా స్వరాన్ని ఊపి, ఒత్తి, జార్చి పలికే ఒక్కో గమకానికీ ఒక్కో గుర్తు ఏర్పాటు చేశాడాయన. కంపితానికి అలలా వంకరగీత. ఎక్కే జారుకూ దిగే జారుకూ రెండు ఏటవాలు గీతలు. ప్రతి గుర్తునూ వీణ మీద వేలు ఎలా కదలాలో చెప్పి వివరించాడు. ఇందాక నేను చెప్పిన జంట స్వరాల చిక్కు ఉందే, ఆయన కాగితం మీద అది చిక్కు కాదు. స్ఫురితానికి గుర్తు ఉంది, చూసి పలకడమే.

మరి అంత పెద్ద పుస్తకం చూసి, గురువు లేకుండా దీక్షితుల కృతి పాడగలమా? వీణ వచ్చినవాళ్ళు, రాగం ముందే చెవిలో ఉన్నవాళ్ళు చాలా దూరం వెళతారు. రానివాళ్ళకు ఆ గుర్తులు మరింత గందరగోళం. సుబ్బరామ దీక్షితులకు కూడా ఇది తెలిసే ఉంటుంది. ఆ మరుసటి ఏడే మొదటి పాఠాలు నేర్చుకునేవాళ్ళ కోసం 'ప్రథమాభ్యాస పుస్తకం' వేరేగా రాశాడు. 1906లో పోయాడు. మహాగ్రంథం అచ్చులో చూసుకున్న అరవై అయిదేళ్ళ పెద్దమనిషి, తీరిగ్గా విశ్రాంతి తీసుకోక, సరళీ జంట వరసలు నేర్చుకునేవాళ్ళ కోసం మళ్ళీ కలం పట్టాడు. నాకు ఆయన మీద గౌరవం పెద్ద పుస్తకం వల్ల కలిగిందానికన్నా ఈ చిన్న పుస్తకం వల్ల కలిగిందే ఎక్కువ.

ఇక్కడొక చిన్న మాట. సంప్రదాయ ప్రదర్శిని వచ్చిన 1904లోనే బొంబాయి నుంచి విష్ణు నారాయణ్ భాత్ఖండే దక్షిణాదికి వచ్చి ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితుల్ని కలిశాడు. తర్వాత ఉత్తరాది రాగాలను పది థాట్‌లుగా సర్దడానికి రాగాలను స్వరాలను బట్టి వర్గీకరించే ఇక్కడి మేళపద్ధతి ఆయనకు దారి చూపింది. మన సరుకు విలువ పొరుగువాడు వచ్చి చెబితేగానీ తెలియకపోవడం పాత అలవాటే.

మళ్ళీ పాఠం దగ్గరికి వద్దాం. గురుకులంలో ఒకరిద్దరు శిష్యులున్నప్పుడు స్వరలిపి అవసరం అంతగా పడలేదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షుడిగా కూర్చోబెట్టాక సంగతి మారింది. అక్కడ విద్యార్థిగా చేరడానికి వెళ్ళిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని అధ్యాపకుడిగా తీసుకున్నారన్నది తెలుగువాళ్ళందరికీ తెలిసిన కథ. క్లాసు, నల్లబల్ల, సిలబస్, పరీక్ష వచ్చాయి. వాటితోపాటు కాగితానికి పెత్తనం వచ్చింది. ఇది ఏ ఒక్క కాలేజీ తప్పూ కాదు. పది మందికి ఒకేసారి చెప్పాలంటే బల్ల మీద రాయక తప్పదు. కాకపోతే రాసే సుద్దముక్క ఎవరి చేతిలో ఉండాలన్నదే ప్రశ్న.

మాస్టారి క్లాసులో జరిగిన ఒక పాఠం చెబితే నా మాట స్పష్టమవుతుంది. తోడి రాగంలో కీర్తన చెబుతున్నారు. పల్లవిలో గాంధారం మీద నిలిచి, రిషభం మీదుగా షడ్జానికి దిగే చిన్న పలుకు ఒకటి వచ్చింది. అందరం బాగానే పాడాం. "రాసుకురండి" అన్నారు. మర్నాడు పుస్తకాలు చాప మీద పరిపించారు. ఒకడు 'గా రి స' అని రాశాడు. ఒకమ్మాయి 'గమగమ రి స' అని రాసింది. ఇంకొకడు 'రిమరిమ గ రి స' అని. చివర కూర్చునేవాడు స్వరాలన్నీ మానేసి 'గా' రాసి దాని మీద వంకరగీత గీశాడు. ఎవరి రాత ఒప్పో మాస్టారు చెప్పలేదు. ఎవరిదీ కొట్టెయ్యలేదు. "ఎవరు రాసింది వాళ్ళు, రాసింది రాసినట్టు పాడండి" అన్నారు, అంతే.

మొదటివాడు గాంధారాన్ని కదపకుండా పట్టుకుని పాడితే అది తోడి కాలేదు. ఆ అమ్మాయి గమగమ అని విడివిడిగా పలికితే అక్కడ రెండు స్వరాల మధ్య ఊయల ఉంది గానీ గాంధారం ఎక్కడుందో తెలియలేదు. రిమరిమ అని రాసినవాడిది విన్నప్పుడు అందరం నిటారుగా కూర్చున్నాం. ఎందుకంటే తోడి గాంధారం నిజంగానే రిషభం వైపు నుంచి మధ్యమం అంచు దాకా ఊగుతుంది. కానీ వాడు పాడింది మరీ మోటుగా ఉంది. అప్పుడు మాస్టారు తాను పాడి, వయొలిన్ మీద చాలా నెమ్మదిగా వాయించి చూపించారు. వేలు ఎక్కడ మొదలై ఎందాకా వెళ్ళి వస్తోందో కళ్ళతో చూశాం. "ఈ నాలుగు రాతల్లో ఏదో ఒకటి పుస్తకంలో పెట్టుకోండి. మీరు విన్నదేమిటో మీకు గుర్తు చేస్తే చాలు" అని పాఠం ముందుకు నడిపారు. వంకరగీత గీసినవాడికి ఆ రోజు పేరు పెట్టి మెచ్చుకోలు దక్కింది. వాడికి సుబ్బరామ దీక్షితుల పేరు కూడా తెలియదు.

టీచరు 'గా రి స' అని బల్ల మీద రాసి ఉంటే అందరి పుస్తకాల్లోనూ అదే ఉండేది, తప్పులేకుండా. గాంధారం గురించి మాత్రం ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. స్వరం రాయడం వల్ల వచ్చే లాభం రాసిన కాగితంలో లేదు, రాసేముందు చెవి పడే తగువులో ఉంది.

శాస్త్రం విషయంలోనూ ఇదే తిరకాసు. సర్టిఫికెట్ పరీక్షకు కూర్చునే పిల్లను 72 మేళకర్తల పేర్లు అడగండి, కనకాంగి నుంచి రసికప్రియ దాకా గడగడా చెబుతుంది. 17వ శతాబ్దంలో తంజావూరులో వెంకటమఖి 'చతుర్దండి ప్రకాశిక'లో ఈ లెక్క వేశాడని కూడా చెబుతుంది. పన్నెండు స్వరస్థానాలు, వాటికి పదహారు పేర్లు, శుద్ధమధ్యమంతో ముప్పై ఆరు, ప్రతిమధ్యమంతో ముప్పై ఆరు. ఆరేసి మేళాల చొప్పున పన్నెండు చక్రాలు, ఇందు, నేత్ర, అగ్ని అంటూ. అన్నీ వచ్చు. 'ధీర' అంటే ధ తొమ్మిది, ర రెండు, తిప్పితే ఇరవై తొమ్మిది అని, మేళం పేరులోని మొదటి రెండక్షరాల్నే దాని సంఖ్యగా చదివే కటపయాది కూడా వచ్చు. జంటాక్షరం వచ్చినచోట ఆ సూత్రానికి నిలకడ లేదని మాత్రం ఎవరూ చెప్పరు. రత్నాంగిలో 'త్న'కు నకారాన్ని లెక్కపెట్టి సున్నా వేస్తాం, చక్రవాకంలో 'క్ర'కు కకారాన్ని పట్టుకుని ఒకటి వేస్తాం. తెలివైన పిల్ల అడిగితే మందలించకండి, అడిగింది నిజమే.

ఇంత వచ్చిన పిల్లను, మాయామాళవగౌళలో నిషాదం ఒక్కటి తగ్గించి పాడమ్మా అంటే బిక్కమొహం వేస్తుంది. అక్కడ ఉంది అసలు పాఠం.

మాయామాళవగౌళతోనే ఎందుకు మొదలుపెడతామో ఎవరైనా చెప్పారా మీకు? హార్మోనియం మీద మొదటి తెల్లమెట్టును షడ్జం చేసుకోండి. రిషభం దాని పక్కనే నల్లమెట్టు. గాంధారం, మధ్యమం పక్కపక్కనే రెండు తెల్లమెట్లు. పంచమం, దాని పక్క నల్లమెట్టు ధైవతం. నిషాదం, పై షడ్జం మళ్ళీ ఆనుకుని ఉంటాయి. సరిగమలో ఎంతెంత ఎడం ఉందో పదనిసలోనూ అంతే ఎడం. ఆనుకుని ఉన్న స్వరాలకు గొంతు పట్టు దొరుకుతుంది, రిషభం నుంచి గాంధారానికి వేసే పెద్ద అంగ అలవాటవుతుంది. కింది సగం వస్తే పై సగం వచ్చినట్టే. పురందరదాసు పేర చెప్పుకునే ఈ ఏర్పాటు చేసినవారెవరైనా పిల్లల గొంతు తెలిసినవారు.

ఆ ఒక్క మేళం పట్టుగా వచ్చాక, అయిదు స్వరాల్లో ఒక్కోసారి ఒక్కటే మార్చండి. నిషాదాన్ని ఒక మెట్టు దించితే వకుళాభరణం, 14వ మేళం. ధైవతాన్ని ఒక మెట్టు పెంచితే సూర్యకాంతం, 17. గాంధారం దించితే ధేనుక, 9. రిషభం పెంచితే సరసాంగి, 27. మధ్యమం పెంచితే కామవర్ధని, 51. దీక్షితుల సంప్రదాయంలో దాన్నే కాశీరామక్రియ అంటారు. సరళీ వరసలు తప్ప ఇంకేమీ రాని పిల్ల ఆ సరళీ వరసలతోనే ఆరు మేళాలు పాడుతుంది. పేరు తర్వాత చెప్పండి. ముందు ఏ స్వరం మారిందో విని చెప్పమనండి, తర్వాత రాయమనండి. మేళకర్త పట్టిక ఎందుకు పుట్టిందో ఆ పూట దానంతటదే అర్థమవుతుంది. ఏడాది పొడుగునా వల్లె వేసినా రాని విషయం ఇది.

మేళం తెలిస్తే రాగం తెలిసినట్టు కాదని కూడా తొందరగానే చెప్పాలి. మలహరి మాయామాళవగౌళలోంచే పుట్టింది, గీతాలు దాంట్లోనే మొదలుపెడతాం. నిషాదం లేదు, గాంధారం దిగేటప్పుడే వస్తుంది. గీతం రాసేటప్పుడు ఈ సంగతి పిల్ల తనంతట తాను కనిపెట్టాలి. "టీచర్, ఇందులో ని ఎక్కడా రాలేదేంటి?" అని అడిగిందంటే ఆ పిల్లకు శాస్త్రం మొదలైనట్టు. ముందే ఆరోహణ అవరోహణలు బల్ల మీద రాసేసి ఆ ప్రశ్నను చంపేయకండి.

తాళం గురించి ఎక్కువ చెప్పను. ఏడు తాళాలు, అయిదు జాతులు, ముప్పై అయిదు అన్నది చేతికి తెలిస్తే చాలు. దెబ్బ, చిటికెనవేలి నుంచి లెక్క, ద్రుతానికి దెబ్బ, విసురు. ఒక్క మాట మాత్రం. పిల్ల రాసిన స్వరంలో అక్షరాలు ఎనిమిదికి బదులు ఏడో తొమ్మిదో వస్తే మీరు దిద్దవద్దు. తాళం వేసుకుంటూ తన రాతను తానే చదువుకోమనండి. ఎక్కడ దీర్ఘం మరిచిందో చేతికి దొరికిపోతుంది.

ఫోనులో రికార్డు చేసుకుంటే గమకంతో సహా అంతా ఉంటుంది కదా, ఇంక ఈ రాత ఎందుకు అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రికార్డింగు సుబ్బరామ దీక్షితులకు దొరికి ఉంటే ఆయనా వాడుకునేవాడు. నేనూ పిల్లల చేత రికార్డు చేయిస్తాను. కానీ రికార్డు విని నేర్చుకున్న పిల్ల పాటతోపాటు పాడినవాళ్ళ గొంతు, వాళ్ళు ఊపిరి తీసుకునే చోటు, జలుబు చేసిన రోజైతే ఆ జలుబు కూడా నేర్చుకుంటుంది. ఏది పాట, ఏది పాడినవాళ్ళ అలవాటు అని తేల్చుకోవాల్సిన అవసరం రికార్డు ఎప్పుడూ తీసుకురాదు. రాయడానికి కూర్చుంటే ప్రతి స్వరం దగ్గరా తేల్చుకోవాలి. ఒకే త్యాగరాజ కీర్తనను వాలాజాపేట శిష్యులు ఒకలా, ఉమయాళ్‌పురం శిష్యులు మరోలా పాడారు. మన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారి ద్వారా వచ్చిన పాఠం ఇంకోలా ఉండవచ్చు. ఈ తేడాలు విని ఊరుకుంటే 'ఏదో తేడాగా ఉందండి' దగ్గరే ఆగిపోతాం. మూడూ రాసి పక్కపక్కన పెట్టుకుంటే ఏ సంగతిలో ఏ స్వరం దగ్గర దారి చీలిందో చూపించగలం.

రెండు వైపుల అతిశయోక్తులూ విన్నాను. ఒకరు స్వరలిపి సంగీతాన్ని చంపుతుందంటారు, గురుముఖంగా తప్ప విద్య లేదంటారు. ఆ మాట అనేవారి ఇంట్లోనే గురువుగారి చేతిరాత పుస్తకం పట్టుబట్టలో చుట్టి ఉంటుంది. ఇంకొకరు అన్నీ పక్కాగా, గమకాలతో సహా, కంప్యూటరులో అచ్చువేసి పంచేస్తే గురువు పని తీరిపోతుందంటారు. కుడుమియాన్‌మలై చూసి వచ్చాక ఆ మాట అనమనండి. నా తీర్పు చెప్పమంటే, అచ్చు పుస్తకం గురువు దగ్గర ఉండాలి, చేతిరాత పుస్తకం శిష్యుడి దగ్గర ఉండాలి. రెండోది మొదటిదానికి కాపీ కాకూడదు.

టీచర్లకు ఇది అదనపు భారమని తెలుసు. అరగంట క్లాసు, నెల తిరిగేసరికి "వర్ణం అయిందా, కీర్తనలు ఎప్పుడు మొదలుపెడతారు" అని తల్లిదండ్రుల వాకబు, పరీక్షల తేదీలు. పాటలన్నిటినీ రాయించండి అని అడగడం లేదు. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పుస్తకంలో ఎన్ని పాటలు నిండాయని లెక్క చూడకండి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉన్న పేజీ కనబడితే మీ అమ్మాయి ఆ వారం నిజంగా చదువుకుందని అర్థం.

టీచర్లను నేను అడిగేది ఇంతే. వచ్చే నెల నుంచి ఒక్కో విద్యార్థి చేత ఒక్క చిన్న పాట, గీతమైనా సరే, విని రాయించండి. పేజీ పైన రాగం, తాళం, పాడిన శ్రుతి, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, తేదీ వేయించండి. పెన్సిలుతోనే రాయించండి. మాస్టారి చేతిరాత పుస్తకాలు ఇక్కడున్న శిష్యుల ఇళ్ళలో ఎవరి దగ్గర ఏవి ఉన్నా, దయచేసి ఈ సభ నిర్వాహకులకు ఒకసారి చూపించండి. ఫొటోలు తీసుకుని మీ పుస్తకాలు మీకు భద్రంగా తిరిగి ఇచ్చేస్తారు.